జిరాక్సులో పోయిన నీలం

మా జేజినాయన పద్యనాటకాల్లో వేషాలు వేసేవాడు. పాములపాడు, ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో తిరునాళ్ళకి ఆడే ‘పాండవోద్యోగం’లో ఆయనది కృష్ణుడి వేషం. ఆయన గొంతు ఎవరూ రికార్డు చెయ్యలేదు. మిగిలింది ఒక నోటుబుక్కు. తిరుపతి వేంకట కవుల నాటకంలోంచి తన పాత్ర పద్యాలన్నీ అందులో నల్ల సిరాతో ఎత్తి రాసుకున్నాడు. ఎదుటి పాత్ర ఆఖరి మాట, అంటే తను అందుకోవలసిన చోటు, ఎర్ర పెన్సిల్‌తో ఉంటుంది. రాగం పేరు, ఊపిరి తీసుకునే చోటు, హార్మోనియానికి వదిలే చోటు నీలం పెన్సిల్‌తో ఉంటాయి. ఒక కొన ఎరుపు, ఇంకో కొన నీలం ఉండే పెన్సిల్ ఒకటి బళ్ళలో, ఆఫీసుల్లో వాడేవాళ్ళు గుర్తుందా, అదే.

పాళ్ళు పంచుకున్నప్పుడు ఆ నోటుబుక్కు మా చిన్నాయన వాటాకి పోయింది. తొంభైల్లో మా నాయన దాన్ని అడిగి తెచ్చుకుని, నంద్యాలకి తీసుకుపోయి మొత్తం జిరాక్స్ చేయించాడు. ఆ కాపీలో ఎరుపు నలుపైపోయింది. నీలం అసలు లేదు. ‘గీతలు యాడ పోయినాయిరా’ అని ఆయన అప్పుడప్పుడూ అడగడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మిషన్ పాతదనో, అంగడాయన పొడి తక్కువ పోశాడనో అనుకునేవాళ్ళం.

ఇప్పుడు నాయనకి డెబ్భై దాటాయి, చూపు తగ్గింది. ఆ కాపీ ఆయనకిక చదవడానికి రాదు. నేను ఏడాదిలో కొన్ని నెలలు ఊళ్ళోనే ఉండి ఉద్యోగం చేసుకుంటున్నాను కాబట్టి, చిన్నాయన్ని బతిమాలి నోటుబుక్కు పది రోజులకి తెచ్చుకుని రంగుల్లోనే స్కాన్ చేశాను. పెద్దది చేసి, రంగుల్లో ముద్రించి ఆయన చేతికియ్యాలి. బజార్లో ఒక్కో కలర్ పేజీకీ లెక్కగట్టి, ప్రతి తప్పు దిద్దడానికీ మళ్ళీ పోయి రావడం కుదిరే పని కాదు. అలా ఇంటికి కలర్ లేజర్ ప్రింటర్ కొనే ఆలోచన వచ్చింది. ఒక ప్రింటర్ కొనడానికి ఇంత చరిత్ర చదవాలా అని మా ఆవిడ అడిగింది. నీలం ఎందుకు పోయిందో తెలీకుండా కొంటే, కొత్త మిషన్లోనూ పోదని గ్యారంటీ ఏముంది?

1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్, అతని సహాయకుడు ఒట్టో కోర్నై ఒక జింకు రేకుకి గంధకం పూత పూసి, గుడ్డతో రుద్ది, దానికి స్థిర విద్యుత్తు పట్టించారు. ‘10-22-38 ఆస్టోరియా’ అని ఇంగ్లీషులో రాసిన గాజు పలకని దాని మీద పెట్టి వెలుతురు చూపించారు. వెలుతురు పడ్డ చోట విద్యుత్తు పోయింది, అక్షరం నీడ పడ్డ చోట నిలిచింది. పైన సన్నటి పొడి చల్లి ఊదితే నీడ ఉన్న చోటే అంటుకుంది. దాన్ని మైనపు కాగితం మీదికి దించి వేడి చేశారు. మన ఇంట్లో పెట్టుకునే ఏ లేజర్ ప్రింటర్‌లోనైనా జరిగే పని మౌలికంగా ఇదే. కార్ల్‌సన్ పేటెంట్ల పనిలో రోజూ కాపీలు తీసుకోవలసి వచ్చేది, కీళ్ళనొప్పులూ ఉండేవి. చేత్తో రాయలేక కనిపెట్టిన వస్తువన్నమాట. ఐబీఎమ్, జనరల్ ఎలక్ట్రిక్ లాంటి పెద్ద కంపెనీలు వద్దన్నాక, హాలాయిడ్ అనే ఒక చిన్న కంపెనీ 1947లో దాన్ని అందిపుచ్చుకుంది. 1959లో జిరాక్స్ 914 వచ్చింది. దాని బరువు సుమారు 300 కిలోలు. మన దేశంలో మోదీ జిరాక్స్ 1983లో మొదలైంది. ఆ తర్వాత పదేళ్ళలో బస్టాండ్ల పక్కన, కోర్టుల ముందర ‘జిరాక్స్’ అనే బోర్డు లేని ఊరు లేకుండా పోయింది. కంపెనీ పేరు మనకి క్రియ అయిపోయింది.

నీలం సంగతి 914 దగ్గరే తేలిపోతుంది. దాని డ్రమ్ముకి గంధకం బదులు సెలీనియం పూత వేశారు. తర్వాత చాలా ఏళ్ళు చాలా కాపీ మిషన్లలో ఇదే. సెలీనియం నీలం కాంతికి బాగా స్పందిస్తుంది, ఎర్ర కాంతిని దాదాపు పట్టించుకోదు. తెల్ల కాగితం మీది లేత నీలం గీత నుంచి తిరిగొచ్చే నీలం కాంతి, దాని లెక్కలో తెల్ల కాగితం నుంచి వచ్చే కాంతి లాంటిదే. అందుకని అక్కడ విద్యుత్తు పోతుంది, పొడి అంటదు. ఎర్ర గీత నుంచి వచ్చేది దాని దృష్టిలో చీకటి, నల్లగా పడుతుంది. మా నాయన కాపీలో జరిగింది అక్షరాలా ఇదే. పాపం అంగడాయన్ని ఇన్నేళ్ళు అనవసరంగా ఆడిపోసుకున్నాం. ఈ గుణం ప్రెస్సుల్లో కెమెరా పని చేసేవాళ్ళకి ముందే తెలుసు. వాళ్ళ లిథో ఫిల్ముకీ నీలం, తెలుపు ఒకటే. అందుకే పేజీ అమరికలో గుర్తులన్నీ లేత నీలం పెన్సిల్‌తో పెట్టుకునేవాళ్ళు, అచ్చులో కనపడకూడదని. మా జేజినాయన కనపడాలని పెట్టుకున్న గుర్తులకి అదే రంగు పడింది.

లేజర్ వచ్చింది జిరాక్స్ కంపెనీలోనే. గ్యారీ స్టార్క్‌వెదర్ అనే ఇంజనీరు 1967 ప్రాంతంలో, కాగితం మీది బొమ్మ నుంచి వచ్చే కాంతికి బదులు కంప్యూటర్ చెప్పినట్టు వెలిగి ఆరే లేజర్ కిరణంతో డ్రమ్ము మీద నేరుగా రాయొచ్చు కదా అన్నాడు. పైవాళ్ళకి నచ్చలేదు. 1971లో కాలిఫోర్నియాలోని పార్క్ ప్రయోగశాలకి మారి, ఆ ఏడాదే పనిచేసే నమూనా చేసి చూపించాడు. అమ్మకానికి, జిరాక్స్ 9700 పేరుతో, 1977 దాకా రాలేదు. కానన్ ఇంజన్‌తో హెచ్‌పీ లేజర్‌జెట్ 1984లో వచ్చింది, ధర 3,495 డాలర్లు, అంగుళానికి 300 చుక్కలు. పైవాళ్ళకి నచ్చక ఆగిపోయిన ప్రాజెక్టులు నేనూ కొన్ని చూశాను కాబట్టి స్టార్క్‌వెదర్ కథ దగ్గర కాసేపు ఆగాను, కానీ నాకు కావలసింది రంగు.

రంగు ముద్రణ లేజర్ కంటే చాలా పాతది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లోనే లె బ్లాన్ అనే చిత్రకారుడు పసుపు, ఎరుపు, నీలం పలకల్ని ఒకదాని మీద ఒకటి అచ్చేసి అన్ని రంగులూ తెప్పించవచ్చని చూపించాడు. నీడల కోసం నలుపు పలక కూడా కలిపాడు. మన ఇళ్ళ దాకా ఆ పని రవివర్మ ద్వారా వచ్చింది. 1894లో బొంబాయిలో ఆయన పెట్టిన లిథో ప్రెస్సులో ఒక్కో రంగుకీ ఒక్కో రాయి. లక్ష్మీ సరస్వతులు అక్కడినుంచే దేశమంతా దేవుడి గదుల్లోకి వచ్చారు. తర్వాత తరానికి చందమామ. పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947 జూలైలో మద్రాసులో మొదలుపెట్టారు. మా నాయన అట్టలు చించి దాచుకున్న చందమామలు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. వడ్డాది పాపయ్య బొమ్మ ఉన్న అట్ట మీద భూతద్దం పెట్టి చూడండి. చర్మం రంగంతా చుక్కలే. కొన్ని సంచికల్లో ఎర్ర పలక వెంట్రుకవాసి జరిగి, పెదవి పక్కన ఇంకో పెదవి కనిపిస్తుంది. చిన్నప్పుడు నాకు అదే అందంగా ఉండేది.

కలర్ లేజర్‌లో ఆ నాలుగు పలకల పని నాలుగు డ్రమ్ములు చేస్తాయి. హెచ్‌పీ మొదటి కలర్ లేజర్‌జెట్ 1994లో వచ్చింది. అప్పట్లో ఒకే దారిలో నాలుగు సార్లు, రంగు తర్వాత రంగు వేసేవాళ్ళు కాబట్టి రంగు పేజీ నలుపు పేజీకి నాలుగింతలు ఆలస్యం. ఇప్పటివాటిలో ఎక్కువగా నాలుగు డ్రమ్ములూ వరసగా నిలబడి, కింద పోయే బెల్టు మీదో కాగితం మీదో ఒకదాని వెనక ఒకటి వేస్తాయి. అవి ఒకే చోట పడకపోతే, చందమామ పెదవే.

నాకు ఇది చిన్న విషయం కాదు. ప్రింటర్ దగ్గర నీలం పొడి ఉండదు. సయాన్ మీద మెజెంటా పడితేనే నీలం. జేజినాయన పెన్సిల్ గీత అర మిల్లీమీటరు. రెండు పొడులు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడకపోతే, ఊపిరి గుర్తు ఊదా అంచున్న రెండు గీతలవుతుంది. పైగా లేజర్‌కి లేత రంగు అంటూ లేదు, చుక్కల మధ్య ఖాళీ వదిలి లేతదని మనల్ని నమ్మిస్తుంది. సన్నటి లేత గీత అందులో తెగిపోతుంది. ఈ ఒక్క పనిలో ఇంక్‌జెట్ మేలు, ఒప్పుకోవాలి. కానీ మా ఊరి ఎండల్లో, నెలకోసారి వాడే ఇంక్‌జెట్ నాజిళ్ళలో సిరా ఎండిపోతుంది. ఇంతకుముందు ఒకటి అలాగే పోయింది. మా నాయన చదివేది కూడా చెమట చేతులతో, పక్కన నీళ్ళ చెంబు పెట్టుకుని. లేజర్ పొడి కరిగి కాగితానికి అతుక్కునే ప్లాస్టిక్, తడి తగిలితే పాకదు. అక్కడ లేజర్‌కే ఓటేశాను.

అంగట్లో వాళ్ళిచ్చే నమూనా పేజీలో పూలు, చిలకలు ఉంటాయి. వాటిలో ఏ ప్రింటరైనా బాగుంటుంది. నేను నోటుబుక్కులోని ఒక పేజీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని పోయి, దాన్నే మూడు మిషన్లలో కొట్టించాను. ఒకదాంట్లో నీలం గీతలు తెగాయి. ఇంకోదాంట్లో గీతలు బాగున్నా అక్షరాల కింద వత్తులకి రంగు నీడ వచ్చింది. అది ఎందుకో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. స్కాన్‌లో నల్ల సిరా నిజంగా నలుపు కాదు, ముదురు గోధుమ. ప్రింటర్ దాన్ని నాలుగు పొడులూ కలిపి చేస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి అంత తేడా తెలీదు. తెలుగు వత్తుకి మిగిలే చోటు ఎంత? పది పాయింట్ల వరస అంటే 600 చుక్కల మిషన్లో 83 చుక్కల ఎత్తు. తలకట్టు, అక్షరం పోను వత్తుకి ఇరవై దొరికితే గొప్ప. అందులో రెండు చుక్కలు జరిగినా ‘వ’ వత్తో ‘ప’ వత్తో మా నాయన కళ్ళకి తేలదు. అందుకని నోటుబుక్కు పేజీకి ఎదురుగా అదే పద్యాన్ని పోతన ఫాంటులో ఇరవై పాయింట్లతో టైపు చేసి, దానికి మాత్రం కేవలం నల్లపొడే వాడేట్టు పెట్టాను. దేశికాచారి గారు ఆ ఫాంటులో వత్తులకి వదిలిన చోటు విలువ నాకు అప్పుడే తెలిసింది.

మూడో మిషన్ కొన్నాను. మళ్ళీ నిండు సెట్టు టోనర్ కొంటే దాదాపు మిషన్ ధరంత అవుతుందని కొన్నాకే కూడి చూసుకున్నాను. పెట్టెతో వచ్చే టోనర్లు సగం నిండినవి. అట్టమీద వేసే పేజీల లెక్క ఐఎస్‌ఓ 19798 పరీక్ష పేజీల మీద వచ్చింది, వాటిలో ఒక్కో రంగూ సుమారు 5 శాతం మేరే ఉంటుంది. నేను మొదట కొట్టిన పేజీల్లో పాత కాగితం పసుపు కూడా స్కాన్‌లో వచ్చి, పేజీ మొత్తం పసుపు పూత పడింది. ఐదు పేజీలకే మీటర్ కదిలింది. అప్పుడు కూర్చుని ప్రతి పేజీ వెనకరంగూ తెల్లగా చేసి, నీలాన్ని మాత్రం కొంచెం ముదురు చేశాను. ఇది మోసమా అని కాసేపు ఆలోచించాను. గీత కనపడకపోవడం అంతకంటే పెద్ద మోసం అనుకున్నాను.

ఇందులో ఒక వేళాకోళం ఉంది. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు ప్రతి పేజీ మీదా కంటికి ఆనని పసుపు చుక్కలు తమంతట తాము వేస్తాయి. దొంగనోట్ల భయంతో మొదలైన పద్ధతి. 2005లో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్ళు ఒక జిరాక్స్ డాక్యుకలర్ మోడల్ చుక్కల్ని విప్పి చూస్తే, ప్రింటర్ సీరియల్ నంబరు, తేదీ, సమయం బయటపడ్డాయి. నేను ఒక్కో పేజీలో పాత పసుపు తుడిచాను, మిషన్ దాని పసుపు అది వేసుకుని ఉంటుంది. మా జేజినాయన ఎప్పుడు రాశాడో తేదీ వెయ్యలేదు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. పొడిని కరిగించే రోలరు వేడెక్కేటప్పుడు వెయ్యి వాట్ల దాకా లాగుతుంది. ఇన్వర్టర్ మీద పెట్టిన మొదటిరోజే ఇల్లంతా చీకటైంది. ఇప్పుడు గోడ ప్లగ్గుకే, అదీ మధ్యాహ్నం వోల్టేజి పడిపోయే వేళ తప్పించి.

నాయన మొదటి పద్యం చూసి వేలితో నీలం గీతలు తడుముతూ పోయాడు. ‘ఇది ఊపిరి కాదురా, ఇక్కడ నడక. రెండడుగులు ముందుకేసేవాడు,’ అన్నాడు ఒకచోట. అడ్డగీతలు ఊపిరివి, ఏటవాలు గీతలు నడకవి అని అప్పటిదాకా మాకెవరికీ తెలీదు. మళ్ళీ మొదటి నుంచి చూస్తే, నేను ముదురు చేసినప్పుడు ఏటవాలు గీతలు కొన్ని పక్క అక్షరంలో కలిసిపోయి ఉన్నాయి. పదకొండు పేజీలు మళ్ళీ చెయ్యాలి. చిన్నాయనకి కూడా ఒక కాపీ కావాలట. ఎరుపుకీ మెజెంటా కావాలి, నీలానికీ మెజెంటా కావాలి కాబట్టి మిగతావాటికంటే ముందు అదే అయిపోయింది. కర్నూలు నుంచి రావలసి ఉంది.