వెనకాల తరిమేదెవరు?

మంచు కొండ మీంచి జారుకుంటూ పోయే ఫోన్ ఆటలు మీలో చాలామంది ఆడే ఉంటారు. వేలితో తడితే గెంతుతాడు, గురి తప్పితే పడతాడు, మళ్ళీ మొదలు. గెలుపన్నదే లేదు. ఫ్రిజ్‌లో తప్ప మంచు ఎరగని నా బోటి వాడు కూడా క్యాబ్‌లో కూర్చుని గంటలు గంటలు ఆడేస్తుంటాడు. ఈ ఆటల వంశవృక్షం తిరగేస్తే ఒక తమాషా కనిపించింది. అది చెబుదామనే ఈ టపా.

1991లో మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామర్ క్రిస్ పిరిహ్, విండోస్ ప్రోగ్రామింగ్ నేర్చుకుందామని ఇంట్లో సరదాగా సీ భాషలో రాసుకున్న ఆట స్కీఫ్రీ. అదే ఏడాది ఎంటర్‌టైన్‌మెంట్ ప్యాక్ 3లో వచ్చేసింది. తెల్లటి తెర మీద నాలుగు చెట్లు, రాళ్ళు, ఒక మనిషి... అంతే. కొంత దూరం పోయాక ఎక్కణ్ణుంచో మంచు భూతం ఊడిపడి మనల్ని గుటుక్కున మింగేస్తుంది. ఎఫ్ మీట నొక్కితే వేగం పెరిగి తప్పించుకోవచ్చు. తప్పించుకుని ఏం లాభం లెండి! అలా పోగా పోగా మళ్ళీ కొండ పైకే వచ్చి పడతాం.

2009లో ఆడమ్ సాల్ట్స్‌మన్ చేసిన క్యానబాల్ట్‌లో మంచు లేదు, మేడల మీద పరుగు. అయితేనేం, ఒకే మీటతో ఆట మొత్తం నడపొచ్చని చూపించింది. టచ్ ఫోన్‌కి అంతకన్నా ఏం కావాలి? 2012లో ఆస్ట్రేలియా వాళ్ళ స్కీ సఫారీ వచ్చింది. ఇందులో భూతం బదులు మంచు చరియ తరుముతుంది.

మంచే ఎందుకు? నాకు తోచిన కారణం చెప్తాను. చదును నేల మీద మనిషి ఎందుకు ఆగట్లేదో ఆట చెప్పుకోవాలి. వాలు మీద ఆ అవసరం లేదు, భూమే లాక్కుపోతుంది.

2015లో ఐఫోన్‌కి వచ్చిన ఆల్టోస్ అడ్వెంచర్ దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళింది. అందులోనూ కర్ర పట్టుకుని తరిమే ఊరి పెద్దలున్నారు. కానీ 2016లో జెన్ మోడ్ అని ఒకటి చేర్చారు. స్కోరు లేదు, నాణేలు లేవు, తరిమేవాడు లేడు. పడితే లేచి మళ్ళీ జారడమే. భూతం, చరియ, పెద్దలు... అందర్నీ తీసేసినా ఆట మిగిలింది! అదండీ తమాషా.

ఇదేమంత పెద్ద విషయమా అంటారేమో. నా మటుకు పెద్దదే. ఉచితంగా వచ్చే ఆటలు చాలావాటికి పడిపోయే ఆ క్షణమే బేరం పెట్టే చోటు. ప్రకటన చూడు, బతికిస్తాను అంటాయి. మనం పడితేనే వాళ్ళకి డబ్బు. అందుకే తరిమేవాడు ఉండి తీరాలి. మన ఉద్యోగాల్లో కూడా రిలీజ్ వెనక రిలీజ్, డెడ్‌లైన్ వెనక డెడ్‌లైన్. తరిమేవాడు లేకపోతే పని జరగదని మేనేజర్లే కాదు, మనమూ నమ్మేశాం.

తరమకపోయినా జనం పరిగెడతారని ఓ చిన్న మంచు ఆట చూపించింది. పైగా, ఎప్పుడు ఆగాలో మనకే వదిలేసింది. ఎఫ్ మీట కన్నా అదే గొప్ప ఫీచర్ అంటాను. మీరేమంటారు?