ప్రత్యేక విద్యా ఉపాధ్యాయ శిక్షణలో సమీకృత డిగ్రీల చరిత్ర

చూపు, వినికిడి, మేధ, కదలిక, ప్రవర్తన, చదవడం, రాయడం వంటి వాటిలో వైకల్యం లేదా ఇబ్బంది ఉన్న పిల్లలకు, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి బోధనా విధానాన్నీ సామగ్రినీ మార్చుకుంటూ చదువు చెప్పడాన్ని ప్రత్యేక విద్య అంటారు. ఈ వృత్తిలోకి రాదలచిన విద్యార్థి బ్యాచిలర్స్ పట్టాను ఒకచోట, మాస్టర్స్ పట్టాను మరొకచోట చదవకుండా, రెండింటినీ ఒకే విశ్వవిద్యాలయంలో ఒకే పాఠ్యక్రమంగా, సాధారణంగా అయిదేళ్లలో పూర్తిచేసే మార్గాన్ని సమీకృత డిగ్రీ అని వ్యవహరిస్తారు. ఈ మార్గం ప్రధానంగా అమెరికాలో రూపుదిద్దుకుంది. ఫిన్‌లాండ్‌లో బ్యాచిలర్స్, మాస్టర్స్ దశలు కలిసిన అయిదేళ్ల చదువు ఉపాధ్యాయ వృత్తికి సాధారణ నియమమైంది. భారతదేశంలో మాత్రం సమీకృతమన్న మాట ఎక్కువగా సాధారణ డిగ్రీని, బి.ఎడ్‌.ను కలిపిన నాలుగేళ్ల కోర్సుకు వర్తిస్తుంది.

ఆవాస పాఠశాలల్లో మొదలైన శిక్షణ

అమెరికాలో ప్రత్యేక విద్య తొలుత విశ్వవిద్యాలయాలకు ఆవల, వైకల్యం ఉన్న పిల్లల కోసం నెలకొల్పిన ఆవాస పాఠశాలల్లో పుట్టింది. 1817లో హార్ట్‌ఫర్డ్‌లో థామస్ హాప్‌కిన్స్ గాలడెట్, లారెంట్ క్లెర్క్ కలిసి బధిరుల కోసం ప్రారంభించిన పాఠశాల, 1832లో శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ బోస్టన్‌లో అంధుల కోసం తెరిచిన పాఠశాల ఇందుకు తొలి ఉదాహరణలు. అక్కడ కొత్తగా చేరినవారు అనుభవజ్ఞులైన ఉపాధ్యాయుల పక్కన ఉండి, వారు చేసేది చూసి, చేసి నేర్చుకునేవారు. పట్టాల ప్రసక్తి లేదు. వాషింగ్టన్‌లోని బధిరుల కళాశాలలో ఎడ్వర్డ్ మైనర్ గాలడెట్ 1891లో ఉపాధ్యాయ శిక్షణ విభాగాన్ని ఏర్పరచడంతో ఈ విద్యకు ఉన్నత విద్యాసంస్థలో చోటు దక్కింది.

బడిలో వెనకబడిన పిల్లలను ఇంటికి పంపేయకుండా అదే బడిలో ప్రత్యేక తరగతిగా కూర్చోబెట్టి బోధించే ప్రయత్నాన్ని న్యూయార్క్‌లో 1899లో ఎలిజబెత్ ఫారెల్ చేపట్టారు. ఆమె తొలి అధ్యక్షురాలిగా 1922లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో ఏర్పడిన వృత్తిసంఘం, ప్రత్యేక విద్యకు తగిన ఉపాధ్యాయ ప్రమాణాలను నెలకొల్పడం తన బాధ్యతగా తీసుకుంది. అయినా ఆ కాలంలో ఈ విద్య నేర్చుకున్నవారిలో అత్యధికులు అప్పటికే సాధారణ ఉపాధ్యాయులుగా పనిచేస్తూ, వేసవి తరగతులకో స్వల్పకాలిక కోర్సులకో వచ్చినవారే. మామూలు ఉపాధ్యాయ శిక్షణ ముందు, ప్రత్యేక విద్య దానిపై అదనంగా చేరేది అన్న అమరిక ఇక్కడే స్థిరపడింది. తర్వాతి శతాబ్దంలో జరిగిన సంస్కరణలన్నీ ఏదో ఒక విధంగా ఈ అమరికను సరిదిద్దడానికి చేసినవే.

చట్టాలు తెచ్చిన మార్పు

1958 సెప్టెంబరులో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టం, మేధోవైకల్యం ఉన్న పిల్లల ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వగల నిపుణులను తయారుచేయడానికి విశ్వవిద్యాలయాలకు ఫెడరల్ నిధులు సమకూర్చింది. 1963లో కెనడీ హయాంలో వచ్చిన చట్టం ఈ సాయాన్ని ఇతర వైకల్యాలకూ విస్తరించింది. తొలి నిధులు ఉన్నత స్థాయి ఫెలోషిప్పులకు వెళ్లడంతో ప్రత్యేక విద్య పోస్ట్‌గ్రాడ్యుయేట్ విషయంగా బలపడింది. అంటే బ్యాచిలర్స్ ముగిశాకే దాని జోలికి వెళ్లే అలవాటుకు ప్రభుత్వ డబ్బు కూడా తోడైంది.

1968లో లాయిడ్ డన్ రాసిన ఒక వ్యాసం ఈ రంగాన్ని కుదిపింది. స్వల్ప మేధోవైకల్యం ఉన్నట్లు ముద్రపడిన పిల్లల్లో పేద, మైనారిటీ కుటుంబాలవారే అధికంగా ఉన్నారని, వారిని వేరే తరగతుల్లో ఉంచడం చాలావరకు సమర్థనీయం కాదని ఈ రంగంలో పేరున్న ఆయనే వాదించారు. 1971–72లో పెన్సిల్వేనియా, వాషింగ్టన్ నగర కేసుల్లో న్యాయస్థానాలు వైకల్యం ఉన్న పిల్లలకు ప్రభుత్వ విద్య నిరాకరించడం చెల్లదన్నాయి. చివరకు 1975 నవంబరు 29న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో వికలాంగ బాలలందరి విద్యాచట్టం వచ్చింది. దేశంలో 80 లక్షలకు పైగా వికలాంగ బాలలున్నారని, వారిలో సగానికి పైగా తగిన విద్య అందడం లేదని, 10 లక్షల మంది ప్రభుత్వ బడులకు పూర్తిగా దూరంగా ఉన్నారని ఆ చట్టమే తన ప్రకటనలో పేర్కొంది.

ఈ చట్టం ప్రతి పిల్లవాడికీ వైయక్తిక విద్యా ప్రణాళిక రాయాలని నిర్దేశించింది. ఆ పిల్లవాడి ప్రస్తుత స్థాయి ఏమిటి, ఏడాదిలో చేరవలసిన లక్ష్యాలేమిటి, అందుకు ఏ సేవలు ఎంత మేరకు అందాలి అన్నవాటిని తల్లిదండ్రుల సమక్షంలో నిర్ణయించి రాసే పత్రమే ఈ ప్రణాళిక. దాన్ని రాయగల, అమలుచేయగల ఉపాధ్యాయులు వేల సంఖ్యలో ఒక్కసారిగా కావలసి వచ్చింది. పిల్లలు వీలైనంతవరకు సాధారణ తరగతిలోనే చదవాలన్న నియమం వల్ల సాధారణ ఉపాధ్యాయులకూ ఈ జ్ఞానం తప్పనిసరైంది. విద్యా కళాశాలల డీన్లకు నేరుగా గ్రాంట్లిచ్చి, సాధారణ శిక్షణలోనే ప్రత్యేక విద్యా పాఠాలను చేర్పించిన ఫెడరల్ కార్యక్రమం 1970ల నడుమ ఇందుకోసమే మొదలైంది. రెండు శిక్షణలు ఒకే గొడుగు కిందకు రావడానికి ఈ కార్యక్రమం దారి వేసింది.

అయిదో సంవత్సరం

ఉపాధ్యాయ విద్యను నాలుగేళ్ల నుంచి అయిదేళ్లకు పొడిగించాలన్న ఆలోచనను టెక్సాస్‌లోని ఆస్టిన్ కాలేజీ 1972లోనూ, న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం 1974లోనూ ఆచరణలో పెట్టాయి. 1986లో పరిశోధనా విశ్వవిద్యాలయాల విద్యావిభాగాల డీన్లు హోమ్స్ గ్రూపు పేరిట వెలువరించిన నివేదిక, ఉపాధ్యాయుడికి ముందు ఒక విషయంలో గట్టి బ్యాచిలర్స్ చదువు, దానిపై వృత్తిపరమైన మాస్టర్స్ ఉండాలని వాదించడంతో ఈ నమూనా దేశవ్యాప్తంగా చర్చకు వచ్చింది. వైద్య కళాశాలకు బోధనాసుపత్రి ఉన్నట్లే ఉపాధ్యాయ శిక్షణకు భాగస్వామ్య పాఠశాలలు ఉండాలన్న భావనకూ ఈ బృందమే ప్రాచుర్యం తెచ్చింది. కనెక్టికట్ విశ్వవిద్యాలయం మూడో ఏట ప్రవేశం ఇచ్చి, నాలుగో ఏట బ్యాచిలర్స్, అయిదో ఏట మాస్టర్స్ ప్రదానం చేసే కార్యక్రమంలో ప్రత్యేక విద్యను ఒక శాఖగా చేర్చింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం తన అయిదేళ్ల ప్రాథమిక విద్యా కార్యక్రమాన్ని తర్వాతి కాలంలో ప్రత్యేక విద్యతో జోడించింది. ఇదే ధ్యేయంతో సిరక్యూస్ విశ్వవిద్యాలయం బ్యాచిలర్స్ స్థాయిలోనే సాధారణ, ప్రత్యేక విద్యలను కలిపి బోధించే మార్గాన్ని ఎంచుకుంది. ఏళ్లు పెంచకుండానే కలయిక సాధ్యమని అది చూపింది.

క్రెడిట్లను రెండుచోట్లా లెక్కించడమే ఈ ఏర్పాటుకు ఆయువుపట్టు. వారానికి ఎన్ని గంటల బోధన అన్నదాన్ని బట్టి ఒక పాఠ్యాంశానికి ఇచ్చే విలువను క్రెడిట్ అంటారు. అమెరికాలో బ్యాచిలర్స్‌కు సాధారణంగా 120, మాస్టర్స్‌కు 30 నుంచి 36 క్రెడిట్లు కావాలి. సమీకృత మార్గంలో విద్యార్థి నాలుగో ఏట చదివే 9 నుంచి 12 మాస్టర్స్ క్రెడిట్లను రెండు పట్టాలకూ జమకడతారు. దాంతో ఒక సెమిస్టరు కాలమూ ఫీజూ మిగులుతాయి.

అయితే మిగిలిన కాలం కంటే ఎడతెగని అభ్యాసమే ఈ కోర్సులకు అసలు బలం. మామూలు శిక్షణలో బోధనాభ్యాసం ఒకే సెమిస్టరుకు పరిమితం కాగా, ఇక్కడ విద్యార్థి మూడో ఏటి నుంచే బడికి వెళతాడు. లెక్కల పీరియడ్‌లో తరచూ కుర్చీ వదిలి వెళ్లిపోయే పిల్లవాణ్ని గమనించమంటే, మూడు గడుల పట్టిక గీసుకుని, లేవడానికి ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది అని లేచిన ప్రతిసారీ సమయంతో సహా రాస్తాడు. రెండు మూడు వారాల నమోదు చూశాక, రాతలెక్క ముందుకొచ్చినప్పుడే పిల్లవాడు లేస్తున్నాడని, నోటిలెక్కలప్పుడు కుదురుగా ఉంటున్నాడని తేలవచ్చు. అప్పుడు సమస్య క్రమశిక్షణది కాక రాతది అవుతుంది. మందలించే బదులు రాతభారం తగ్గించడం బోధన అవుతుంది. ఇలాంటి నిర్ధారణ పుస్తకంలో ఒక పేజీలో చదివి అర్థం చేసుకోవచ్చు గాని, ఏడాది పొడవునా అదే పిల్లలతో, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పదేపదే చేస్తేనే చేతికి వస్తుంది.

పొడవైన శిక్షణ, తీరని కొరత

ఈ మార్గం అన్ని రాష్ట్రాల్లోనూ ఒకే తీరున వ్యాపించలేదు. లైసెన్సు ఇచ్చే అధికారం రాష్ట్రాలది కావడం ఇందుకు మూలం. న్యూయార్క్‌లో తొలి ధ్రువపత్రం పొందినవారు అయిదేళ్లలో మాస్టర్స్ పూర్తిచేయాలన్న నియమం వల్ల రెండు పట్టాలను ముందే కలిపి చదవడం లాభదాయకమైంది. అనేక జిల్లాల్లో మాస్టర్స్ ఉన్న ఉపాధ్యాయుడికి వేతన శ్రేణి ఎక్కువ. ఫెడరల్ చట్టం మాత్రం 2004 సవరణ తర్వాత కూడా బ్యాచిలర్స్‌ను, రాష్ట్ర ధ్రువీకరణను మాత్రమే కనీసార్హతగా ఉంచింది. ప్రత్యేక విద్యా ఉపాధ్యాయుల కొరత దశాబ్దాలుగా తీరకపోవడంతో, పూర్తి శిక్షణ లేనివారికి తాత్కాలిక అనుమతులిచ్చి తరగతికి పంపడం అనేక రాష్ట్రాల్లో కొనసాగుతోంది. అత్యంత నైపుణ్యం కావలసిన పిల్లల ముందుకు అతి తక్కువ శిక్షణ పొందినవారు చేరడం ఈ వ్యవస్థలోని తీవ్రమైన లోపం. 2007 చట్టంతో వచ్చిన టీచ్ గ్రాంటు, తక్కువ ఆదాయ వర్గాల పాఠశాలల్లో కొరత ఉన్న విషయాన్ని నాలుగేళ్లు బోధిస్తామని ఒప్పుకున్నవారికి ఏడాదికి 4,000 డాలర్ల వరకు ఇస్తుంది. మాట తప్పితే ఆ మొత్తం వడ్డీతో కూడిన అప్పుగా మారుతుంది.

ఫిన్‌లాండ్ ఈ చిక్కును మరోవిధంగా పరిష్కరించుకుంది. 1948లో యువాస్కులాలో ప్రత్యేక విద్యాచార్యుడిగా నీలో మాకి నియామకం, 1959లో అక్కడే శిక్షణ ప్రారంభం జరిగాక, 1970ల చివరి సంస్కరణలతో ఆ దేశం ఉపాధ్యాయ విద్యను మాస్టర్స్ స్థాయికి చేర్చింది. అందరికీ ఒకే నియమం ఉండటంతో అడ్డదారుల అవసరం తగ్గింది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారతదేశంలో నాలుగేళ్ల సమీకృత ఉపాధ్యాయ విద్య 1960లో కురుక్షేత్రలోనూ, 1963 నుంచి అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లోని ప్రాంతీయ విద్యా కళాశాలల్లోనూ మొదలైంది. ప్రత్యేక విద్య ఆ ధారలో కలవలేదు. డెహ్రాడూన్, కలకత్తా, బొంబాయి, సికిందరాబాదుల్లో నెలకొన్న జాతీయ సంస్థల ద్వారా అది వేరే దారిలో సాగింది. 1984లో సికిందరాబాదులోని బోయినపల్లిలో ఏర్పడి, ఇప్పుడు జాతీయ మేధోవైకల్య సాధికారత సంస్థగా పిలిచే కేంద్రం తెలుగు ప్రాంతంలో ఈ శిక్షణకు ఆధారమైంది. 1992 చట్టంతో భారత పునరావాస మండలికి చట్టబద్ధత వచ్చింది. మండలి రిజిస్టరులో పేరు లేకుండా ఈ వృత్తి చేపట్టడం శిక్షార్హం. సాధారణ ఉపాధ్యాయ విద్యను మరో మండలి నియంత్రించడం వల్ల రెండు శిక్షణల మధ్య గోడ ఇక్కడ చట్టంలోనే నిలబడింది. 2015 నుంచి ప్రత్యేక విద్యా బి.ఎడ్. రెండేళ్లదైంది. డిగ్రీతో కలిసిన నాలుగేళ్ల కోర్సులకు, బి.ఎడ్., ఎం.ఎడ్. కలిసిన కోర్సుకు కూడా పునరావాస మండలి పాఠ్యప్రణాళికలు రూపొందించింది. 2020 జాతీయ విద్యా విధానం నాలుగేళ్ల సమీకృత బి.ఎడ్.ను 2030 నాటికి కనీసార్హతగా నిర్దేశించగా, దానికి అనుగుణంగా ప్రత్యేక విద్యలోనూ రెండేళ్ల కోర్సు స్థానంలో నాలుగేళ్లదాన్ని తెస్తున్నట్లు పునరావాస మండలి 2024 జనవరిలో ప్రకటించింది.

అమెరికాలో మాస్టర్స్ చేసినవారు తిరిగి పిల్లల తరగతికే వెళతారు. భారతదేశంలో ఎం.ఎడ్. ప్రధానంగా శిక్షణ కళాశాలల్లో అధ్యాపక వృత్తికి దారి. బడి ఉద్యోగానికి డిప్లొమానో బి.ఎడ్.నో చాలు. అందువల్ల ఇక్కడ శిక్షణ కాలం కంటే శాశ్వత కొలువుల లేమే పెద్ద అడ్డంకిగా నిలిచింది. తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేకావసరాల పిల్లల కోసం మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసే సహిత విద్యా రిసోర్స్ పర్సన్లు ఏళ్ల తరబడి ఒప్పంద పద్ధతిలోనే కొనసాగారు. ప్రాథమిక స్థాయిలో 10 మంది, ఆపై తరగతుల్లో 15 మంది ప్రత్యేకావసరాల పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో నిర్దేశించాక పరిస్థితి కదిలింది. తెలంగాణ 2024 ఉపాధ్యాయ నియామక డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో 220 స్కూల్ అసిస్టెంటు, 796 సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్‌జీటీ) పోస్టులను ప్రత్యేక విద్యకు కేటాయించింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 1,124 స్కూల్ అసిస్టెంటు, 1,136 ఎస్‌జీటీ పోస్టులను ఇందుకోసం కొత్తగా మంజూరు చేసింది.