తలలు లెక్కపెట్టారు, పిల్లల్ని అడగలేదు

ఈ వారం ఎపిసోడ్ నైట్ షిఫ్ట్ దిగొచ్చి రికార్డ్ చేశాను. మధ్యలో తేదీలు తడబడ్డాయని ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు, నిజమే. అందుకే ఇక్కడ మొదటినుంచి వరసగా రాస్తున్నాను.

నేను హాలిఫాక్స్‌లో, బర్న్‌సైడ్ వైపు ఒక గోడౌన్‌లో పని చేస్తాను. డార్ట్‌మత్ దాటి ప్రెస్టన్ వైపు పోయే రోడ్డు మీద ఒక పాత పెద్ద భవనం కనిపిస్తుంది. కొత్తలో అదేదో బడి అనుకున్నాను. దాని పేరు నోవా స్కోషియా హోమ్ ఫర్ కలర్డ్ చిల్డ్రన్ అని, నల్లజాతి పిల్లల కోసం కట్టిన ఆశ్రమమని తర్వాత తెలిసింది.

వందేళ్ళ కిందట ఇక్కడి అనాథాశ్రమాలు నల్లజాతి పిల్లల్ని చేర్చుకునేవి కావు. అందుకని ఆ సమాజం వాళ్ళే ఒకటి కట్టుకోవాలనుకున్నారు. ఆ ఆలోచన వెనక ఉన్న ముఖ్యుడు జేమ్స్ రాబిన్సన్ జాన్‌స్టన్. డల్హౌసీ యూనివర్సిటీలో లా చదివి, నోవా స్కోషియాలో పుట్టిన నల్లజాతివాళ్ళలో మొదటి లాయరైనాయన. 1915లో ఆయన హత్యకు గురయ్యాడు. అదే ఏడాది ప్రాంతీయ శాసనసభ చట్టం చేసి హోమ్‌ని ఒక సంస్థగా గుర్తించింది. 1917 డిసెంబర్ 6న హార్బర్‌లో ఓడ పేలి సుమారు 2,000 మంది చనిపోయారు కదా, హోమ్ కోసం మొదట అనుకున్న భవనం ఆ పేలుడులోనే పోయింది. అయినా వాళ్ళు వదల్లేదు. చర్చిల్లో చందాలు పోగుచేసి 1921 జూన్ 6న హోమ్ తెరిచారు. ఆ రోజు జనం వేలల్లో వచ్చారట. మన ఊళ్ళో అందరూ తలా ఒక చెయ్యి వేసి బడి కట్టుకుంటే ఎలా ఉంటుందో, అలాంటి రోజు.

ఇక డబ్బు సంగతి. హోమ్ నడిపేది దాని సొంత బోర్డు. కానీ అక్కడున్న పిల్లలందరూ అనాథలు కారు. చాలామందిని పంపింది పిల్లల సంక్షేమం చూసే ప్రభుత్వ యంత్రాంగమే. అలా పంపిన ఒక్కో పిల్లవాడికి రోజుకింత అని ఖజానా నుంచి డబ్బొచ్చేది. అది కూడా తెల్లపిల్లల ఆశ్రమాలకి ఇచ్చేదానికంటే తక్కువ. మిగతాది చందాలతో, ప్రతి క్రిస్మస్‌కి రేడియోలో అడిగే విరాళాలతో గడవాలి.

ఈ పద్ధతిలో తిరకాసు ఎక్కడుందో చూడండి. తలకింత అని ఇస్తే, ఇచ్చినవాడు తలలు లెక్కపెడతాడు. ఎంతమంది పిల్లలు, ఎన్ని రోజులు, ఎన్ని డాలర్లు. కాగితం సరిపోతే పని అయిపోయినట్టే. ఆ పిల్లవాడు కడుపునిండా తిన్నాడా, రాత్రి భయం లేకుండా పడుకున్నాడా అనేది ఏ రసీదులోనూ ఉండదు.

అక్కడ పెరిగినవాళ్ళు పెద్దయ్యాక నోరు విప్పారు. కొట్టారని, తిండి సరిగ్గా పెట్టలేదని, లైంగికంగా హింసించారని చెప్పారు. 2000ల మొదట్లో కోర్టుకి వెళ్ళారు, 2011లో అందరి తరఫునా ఒకే దావా వేశారు. హోమ్ మీద ఒక్కదాని మీదే కాదు, ప్రభుత్వం మీద కూడా వేశారు. పిల్లల్ని పంపింది మీరు, డబ్బిచ్చింది మీరు, చూడాల్సిన బాధ్యతా మీదే అన్నారు. 2013లో హోమ్ 50 లక్షల డాలర్లకి, 2014లో ప్రభుత్వం 2 కోట్ల 90 లక్షల డాలర్లకి రాజీ కుదుర్చుకున్నాయి. 2014 అక్టోబర్ 10న ప్రీమియర్ స్టీఫెన్ మెక్‌నీల్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు.

ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది? ప్రభుత్వం చూడలేదు, అది ఒక కారణం. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో కారణం. ఆ హోమ్ ఒక సమాజం కష్టపడి సంపాదించుకున్న పరువు. దాని గురించి చెడు మాట్లాడితే తెల్లవాళ్ళ ముందు మన పరువు మనమే తీసుకున్నట్టు అనే భయం. ఆ పరువు బరువంతా చివరికి పిల్లల మీదే పడింది.

ఈ మాట నాకు కొత్త కాదు. కొన్నేళ్ళ కింద నేను ఒక తెలుగు సంఘంలో తిరిగేవాణ్ణి. పండక్కి ఏదో గ్రాంట్ వచ్చింది. మనవాళ్ళ దగ్గరా తలా ఇరవై డాలర్లు వసూలు చేశారు. తర్వాత లెక్క ఎక్కడ పెడతారని అడిగాను. ఒక పెద్దాయన పక్కకి పిలిచి, ‘తమ్ముడూ, మనవాళ్ళ మీద మనమే అనుమానపడితే ఎలా?’ అన్నాడు. ఆయన దొంగ కాడని ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ రోజు నేను నోరు మూసుకున్నాను. అది నా తప్పు.

మన దగ్గరా కాగితానికి కొదవ లేదు. గ్రాంట్ తీసుకున్న సంస్థ యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏడాదిలో 25 లక్షలకి తగ్గకుండా గ్రాంటు తీసుకుని, తన ఖర్చులో ముప్పాతిక వంతు దాంతోనే నడిపే సంస్థని కాగ్ ఆడిట్ చెయ్యొచ్చని 1971 చట్టం చెబుతుంది. ప్రభుత్వ డబ్బుతో గణనీయంగా నడిచే స్వచ్ఛంద సంస్థలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవన్నీ అవసరమే. కానీ నాకు బాగా నచ్చేది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఉపాధి హామీ పనులకి మొదలైన సామాజిక తనిఖీ. మస్టర్‌లో పేరున్న మనిషి ఇంటికే వెళ్ళి, ‘నువ్వు పనికెళ్ళావా? కూలి చేతికొచ్చిందా?’ అని అడిగేవారు. తర్వాత ఆ లెక్క జనం ముందు చదివేవారు. డబ్బు ఎవరి పేరు మీద వచ్చిందో, సాక్ష్యం వాళ్ళనే అడగడం.

హాలిఫాక్స్‌లోనూ చివరికి ఆ దారే పట్టారు. 2015లో మొదలైన విచారణని ఎలా నడపాలో నిర్ణయించడంలో హోమ్‌లో పెరిగినవాళ్ళు కూడా కూర్చున్నారు. 2019లో నివేదిక వచ్చింది. చిన్నప్పుడు వాళ్ళని కూర్చోబెట్టి అడిగి ఉంటే అంతదాకా వచ్చేది కాదు.

మనలో చాలామందిమి గంట లెక్కన జీతం తీసుకునేవాళ్ళం. పావుగంట తగ్గినా పే స్లిప్ పట్టుకుని అడుగుతాం కదా. మనం చందా ఇచ్చే సంఘాన్నీ అలాగే అడుగుదాం. కెనడాలో రిజిస్టరైన చారిటీ అయితే టీ3010 అనే వార్షిక ఫారం వెబ్‌లో ఎవరైనా చూడొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చూశాక ఇంకొక్క పని చెయ్యండి. ఆ డబ్బు ఎవరి పేరు చెప్పి తెచ్చారో, ఆ స్టూడెంట్‌నో, ఆ పెద్దావిణ్ణో, ‘మీకు అందిందా?’ అని అడగండి.

నేను ఈసారి మీటింగ్‌కి వెళ్తున్నాను. ఆ పెద్దాయన ఉంటే, ‘అన్నా, ఇది అనుమానం కాదు, లెక్క’ అని చెబుతాను. ఏమైందో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.