సముద్రము లేని సీమలో ఓడబొమ్మలు



సూర్యాపేటలో నిలిచి తూర్పుమొగమై బందరు బాటను పట్టినచో, కోదాడ దాటి, సుమారు 200 కిలోమీటరులు పోయినగాని సముద్రపు గాలి మొగమునకు తగులదు. నేను కోదాడ దాపుననున్న పల్లెలో పుట్టితిని. మిర్యాలగూడలో చిరకాలము పంతులు పని చేసితిని. ఇప్పుడు సూర్యాపేటలో కాలక్షేపము చేయుచున్నాను. నలువదియేండ్లు పైబడువఱకు ఓడను కన్నులార చూచినవాడను కాను. అయినను నేడు ఓడలను గూర్చియే మాటలాడదలచితిని. ఇందులకొక కారణము కలదు.

2022వ సంవత్సరము జూను నెలలో మా మనుమడు విశాఖపట్టణము నుండి నా సెల్‌ఫోనునకు ఒక ఛాయాచిత్రము పంపెను. తెల్లని గొప్ప యోడ. అంతస్తు మీద అంతస్తు, వరుసలుగా గవాక్షములు. సాయంకాలము మా యరుగు మీద కూర్చున్న మిత్రులు ఆ ఫోనును చేతులు మార్చుకొని చూచిరి. ఒకరు ఇది టైటానిక్కే యనిరి. అది 1912లో మునిగినది గదా యనగా, మునిగినదానిని పైకి తీసియుందురనిరి. ఇంకొకరు, ఇంత యినుము నీటిపై తేలుట మానవుల పని కాదనిరి. ఇత్తడి బిందెను వట్టిగా చెఱువులో వదలిన తేలుటలేదా యని నేనంటిని, ఆయన యొప్పుకొనలేదు. మూడవవారు మిర్యాలగూడలో బియ్యపు మిల్లు నడపినవారు. వారు చిత్రమును పెద్దది చేసి చూచి, ఇందులో బస్తాలు దించు చోటేదీ కనబడదే యని యడిగిరి. ఇది సరకుల యోడ కాదు, వినోదయాత్రకు మనుష్యులనెక్కించుకొని త్రిప్పి తెచ్చునట్టిదని చెప్పితిని. బియ్యము మోయని యోడ యోడయేనా యని వారు ఫోను తిరిగి యిచ్చివేసిరి.

అభిప్రాయములకు కొదవలేదు. ఆ యోడ పేరేమని యడిగిన, చరిత్ర పాఠము చెప్పి జీవించిన నేనే చెప్పలేకపోయితిని. మనుమడు బొమ్మ పంపెనే కాని పేరు పంపలేదు. ఆ రాత్రి నాకు రెండు వస్తువులు తలపునకు వచ్చినవి. ఒకటి శాతవాహనుల సీసపు నాణెము. రెండవది మా యింటిలోని పాత ఫోటో.

మొదట నాణెము సంగతి. శాతవాహనుల సీసపు నాణెములలో ఓడబొమ్మ గలవి చోళమండల తీరమున దొరకినవి. క్రీస్తు శకము రెండవ శతాబ్దినాటివి. వానిపై రెండు స్తంభములు గల యోడ, దాని చుట్టును ప్రాకృతమున రాజు పేరు ఉండును. వెనుకవైపున ఉజ్జయినీ చిహ్నమని పండితులు పిలుచు గుర్తు ఉండును. కొన్నింటిపై పులుమావి పేరు చదువబడినది. అక్షరములరిగినవానిని గూర్చి, ఇది పులుమావిదా యజ్ఞశ్రీ శాతకర్ణిదా యని పండితులు వాదించుకొనిరి. వేలెడు వెడల్పయిన లేని సీసపు బిళ్లమీద నాలుగక్షరములు నిలిచియుండుటచేత, అదెవరి కాలపుటోడయో పద్దెనిమిది వందల యేండ్ల తరువాత మనము వాదించుకొనగలుగుచున్నాము. అక్షరములే లేకున్న వాదమునకే తావులేదు.

సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండమీద బౌద్ధస్తూపమును విహారములును ఉన్న సంగతి మీలో ననేకులెఱుగుదురు. అచ్చట 2024లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణెములు బయటపడినవి. అవి ఇక్ష్వాకుల కాలమువి. ఒకవైపు ఏనుగు, మఱియొకవైపు ఆ ఉజ్జయినీ చిహ్నమే. వానిపై ఓడ లేదు. తీరమున చెలామణియగు నాణెమునకు ఓడ, లోనాట చెలామణియగుదానికి ఏనుగు. ఎచ్చటివారికి తెలిసిన జంతువును అచ్చట అచ్చొత్తిరని చమత్కారముగా చెప్పవచ్చును గాని, ఫణిగిరివారికి సముద్రము తెలియదని మాత్రము చెప్పజాలము. కృష్ణానది ముఖమున ఘంటసాలలో దొరకిన ప్రాకృత శాసనమొకటి శివకుడను మహానావికుని పేర్కొనుచున్నది. అలెగ్జాండ్రియాలో రెండవ శతాబ్దిలో భూగోళము వ్రాసిన టాలెమీ, మన తీరమునకు మైసోలియా యని పేరు పెట్టి, సువర్ణభూమికి పోవు నావలు తీరము విడిచి నడిసముద్రమునకు మళ్లు చోటు ఆ ప్రాంతముననే యున్నదని చెప్పెను. ఆ రేవులకును లోనాటి విహారములకును నడుమ బాట కృష్ణాతీరమునుండి మన సీమ మీదుగనే పోయినది.

ఇచ్చట నాకొక యసమ్మతి కలదు, చెప్పి ముందునకు పోయెదను. కృష్ణయు మూసియు కలియు వాడపల్లి పూర్వము ఓడపల్లియే యనియు, మిర్యాలగూడ మిరియముల వర్తకమున వెలసిన యూరనియు చెప్పువారు కలరు. వినుటకు సొంపుగానే యుండును. కాని పేరును విఱిచి చరిత్రను పిండుట నాకు రుచింపదు. మా విద్యార్థులలో ఒకడు ఆ పద్ధతిని కోదాడను కోడికిని కోటకును ముడివేసెను. శాసనమున్నచోట శాసనమునే యడుగుదము.

అట్టి శాసనము మనకున్నది. ఈ సీమలో ఓడలనుగూర్చిన అభిప్రాయములన్నిటిలో నేను మిక్కిలి గౌరవించునది అదియే. బాపట్ల జిల్లా మోటుపల్లిలో వీరభద్రాలయమున నున్న కాకతీయ గణపతిదేవుని శాసనము, 1244వ సంవత్సరము ప్రాంతమునాటిది. గాలివానకు దారితప్పి గాని, పగిలి గాని యొడ్డున పడిన యోడలలోని సొమ్మునంతయు పూర్వపు రాజులు బలాత్కారముగా లాగుకొనుచుండిరట. వర్తకులు ధనమును ప్రాణముకన్న మిన్నగా నెంచి కడలిపై సాహసించుచున్నారు గనుక, వారిపై దయదలచి, కీర్తిని ధర్మమును కోరి, నియమితమగు సుంకము తప్ప మఱేదియు పుచ్చుకొనబోమని గణపతిదేవుడు అభయమిచ్చెను. వచ్చు సరకులకును పోవు సరకులకును ముప్పదింట నొకపాలు సుంకము. కర్పూరము, చందనము, ముత్యములు, దంతము, పట్టు, మిరియములు మున్నగు వానికి దేనికెంతయో వ్రాయబడియున్నది.

ఆలోచింపుడు. ఓరుగల్లున కూర్చున్న రాజు, సముద్రము కనబడని కోటలో నుండి, పగిలిన యోడయొక్క యజమానుని దుఃఖమును గూర్చి ఇంత తెలిసి వ్రాయించెను. సూర్యాపేట చెంత పిల్లలమఱ్ఱిలో రేచెర్ల వారి గుడులు ఆ కాలపువే. ఎఱకేశ్వరాలయము 1208 నాటిది. ఆ పిల్లలమఱ్ఱి గుడిలో వెలిసిపోయిన రంగులలో అమృతమథనము చిత్రింపబడియున్నది. దానిని వ్రాసిన చిత్రకారుడు సముద్రమును చూచెనో లేదో. కవ్వము, త్రాడు, లాగువారు మాత్రము ఇంటిలో మజ్జిగ చిలుకునంత చక్కగా కుదిరిరి. రాజు గుమాస్తా వ్రాసిన సుంకపు పట్టికయు ఆ చిత్రకారుని కడలియు ఒక్క యేలుబడిలోనివే. మోటుపల్లి అభయమును 1358లో అనపోతరెడ్డి మరల ప్రకటించెను. రాజ్యము చేతులు మాఱినను ఓడమీది మాట మాఱలేదు.

గోలకొండ సుల్తానుల కాలమునకు రేవు మోటుపల్లి నుండి మచిలీపట్టణమునకు జరిగినది. ఆంగ్లేయుల గ్లోబు అను ఓడ 1611లో ఆ తీరమునకు వచ్చినది. గోలకొండనుండి బందరునకు పోవు వర్తకుల బండ్లు, బందరునుండి ఉప్పు నెత్తుకొని లోనాటికి వచ్చు లంబాడీల యెద్దుల మందలు మన యూళ్ల మీదుగా నడచినవి. అరేబియా, పారసీకము, పెగూ దేశములకు పోవు ఓడలు నింపుటకు కావలసిన నేత వస్త్రములు మగ్గముల మీద దిగి, ఆ బాటనే పట్టినవి. తరువాతి కథ వేగముగా చెప్పెదను. 1759లో సలాబత్ జంగు మచిలీపట్టణమును ఇంగ్లీషు కుంపిణీవారికి వ్రాసియిచ్చెను. 1766లో ఉత్తర సర్కారులు పోయినవి. 1802 నాటి వర్తకపుటొడంబడికలో, నిజామునకు బందరు రేవును వాడుకొను హక్కు కాగితము మీద దక్కినది. ఆ రేవునే 1864 నవంబరు 1వ తేదీన ఉప్పెన ముంచివేసెను. సుమారు ముప్పదివేలమంది చనిపోయిరి. సముద్రమంటే భయమని మన పెద్దలు చెప్పుట ఊరక చెప్పినది కాదు. బందరుబాట మీద ఆ వార్తయు నడచివచ్చినది.

ఇక రెండవ వస్తువు. మా మాతామహుని తమ్ముడొకడు పడుచుతనమున ఇల్లు విడిచి, కాకినాడ చేరి, పొగయోడ యెక్కి రంగూనునకు పోయెను. ఆ దినములలో తెలుగు కూలీలు వేలకొలది బర్మా బియ్యపు మిల్లులకును రేవు పనులకును పోవుచుండిరి. మనవారిని అచ్చట కొరంగీలనిరి. కోరంగి రేవు పేరున పుట్టిన పిలుపది. ఆయన రంగూనునుండి ఒక ఫోటో పంపెను. కోటు తొడుగుకొని, చేత గొడుగు పట్టి నిలిచియున్నాడు. వెనుక పెద్ద పొగయోడ, వరుసగా గుండ్రని గవాక్షములు.

ఆ ఫోటో కోదాడ సీమలో ఇల్లిల్లు తిరిగినదట. ఇప్పటి ఫోనులు చేయు పని అప్పుడు చేతులు చేసినవి. చూచినవారెల్లరు ఓడనుగూర్చి తీర్పులు చెప్పిరి. మా అమ్మమ్మ మాత్రము ఆ గవాక్షములను లెక్కపెట్టి, ఏడవది మా మరిది గదియని నిర్ణయించినది. ఎందుకు ఏడవదియని ఆమెను ఎవరును అడుగలేదు. నాకు బుద్ధి వచ్చిన పిదప కూడ, పండుగనాడు ఆ పటమును దించి తుడిచి, గోటితో ఆ గవాక్షమును ముట్టి చూపెడిది. కూలీలకు గది యుండదనియు, ఎండకును వానకును ఓడ పైతట్టుమీదనే పండుకొనిపోవుదురనియు నేను పుస్తకములలో చదివితిని; ఆమెకు చెప్పలేదు. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. ఎందఱో తెలుగువారు అడవులలోబడి కాలినడకను తిరిగి వచ్చిరి. ఆయన రాలేదు; ఉత్తరమును రాలేదు.

అమ్మమ్మ పోయిన తరువాత, ఆ ఫోటో చెదలుపట్టుచున్నదని సూర్యాపేటలో ఒక ఫోటోగ్రాఫరు వద్దకు నకలు తీయుటకు తీసికొనిపోయితిని. అతడు భూతద్దము పెట్టి చూచి, పంతులుగారూ, ఇది ఓడ కాదండి, తెర. చూడండి, ఓడ నడుమ మడత, ఈయన నీడ ఓడ ప్రక్కమీద పడినది అని చెప్పెను. స్టూడియోలో గుడ్డమీద వ్రాసిన యోడ. మా యింటిల్లిపాది మూడు తరములు తీర్పు చెప్పిన యోడ నీరెఱుగదు. వెనుకకు త్రిప్పి చూచితిమి. పేరు లేదు, తేదీ లేదు, స్టూడియో ముద్రయు లేదు. ఆయన ఎక్కిన నిజమైన యోడ యేదియో తెలిసియుండిన, ఏ యేట పోయెనో, ఏ రేవున దిగెనో వెదకుటకు ఒక దారముండెడిది. సీసపు బిళ్లమీది నాలుగక్షరముల వంటి దారము.

ఇందుచేతనే మఱునాటి యుదయము మనుమనికి ఫోను చేసి, నీవు పంపిన యోడ యేదియని గట్టిగా నడిగితిని. నవ్వి చెప్పెను. ఆ యోడ పేరు ఎంప్రెస్. అప్పుడే విశాఖపట్టణము నుండి పుదుచ్చేరి, చెన్నపట్టణములకు యాత్రికులను తిప్పుచున్నది. నేను వెదకగా ఇంకొన్ని సంగతులు తెలిసినవి. 1990లో ఫ్రాన్సు దేశమున కట్టబడినది. అప్పటి పేరు నార్డిక్ ఎంప్రెస్. పొడవు 211 మీటరులు. టైటానిక్ పొడవు 269 మీటరులు. అయినను లోపలి పరిమాణమును టన్నులలో కొలిచిన టైటానిక్ 46 వేల చిల్లర, ఇది 48 వేల చిల్లర. మా మిత్రుడు పేరు తప్పినను పరిమాణమున ఎంతో తప్పలేదని ఆయనకు చెప్పగా, మిక్కిలి సంతోషించెను. స్వతంత్ర భారతమున ఆ విశాఖలోనే కట్టి 1948 మార్చి 14వ తేదీన నెహ్రూగారు నీటిలో దింపిన జలఉష సరకుల యోడ యనియు, ఎనిమిదివేల టన్నులు మోయగలదనియు బియ్యపు మిల్లు మిత్రునకు చెప్పితిని. అదిగో అది యోడ యని ఆయన యనిరి.

నీవు ఎక్కితివా యని మనుమని నడిగితిని. లేదు తాతయ్యా, రేవు బయట నిలిచి తీసితిని, టిక్కెట్టు ఖరీదు విని వెనుకకు వచ్చితిని అనెను. ఆ మాటయు నాకు కావలసినదే.

నాడు భూతద్దము పెట్టి చూచిన ఫోటోగ్రాఫరు కుమారుడు ఇప్పుడు దుకాణము నడుపుచున్నాడు. అతనిచేత ఆ చిత్రమును కాగితము మీద అచ్చువేయించి, వెనుక పెన్సిలుతో ఇట్లు వ్రాసితిని: ఎంప్రెస్ అను ఓడ. విశాఖపట్టణము. 2022 జూను. మనుమడు రేవు బయటనుండి తీసినది; ఎక్కలేదు. పిమ్మట రంగూను ఫోటోను దింపి దాని వెనుక గూడ వ్రాసితిని: ఓడ కాదు, తెర. నిలిచియున్నవాడు మా అమ్మమ్మ మరిది. రంగూను. 1941కి ముందు. చట్రములో తిరిగి బిగించునప్పుడు వెలుతురున చూచితిని. ఏడవ గవాక్షముపై అమ్మమ్మ గోటి గీత ఇంకను కనబడుచున్నది.