జవాబు రాని ఉత్తరాల కట్టలు: జెనీవా, 1914

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర వ్రాసేవారు చాలామంది ఉన్నారు. ముప్ఫయి ఏళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి గనుక నేను గుమాస్తా పని చరిత్రే వ్రాస్తాను. ఇన్వర్డు రిజిస్టరుకు, ఇండెక్సు కార్డుకు, పెండింగు లిస్టుకు కూడా చరిత్ర ఉంది. అందులో ఒక ఘట్టం లక్షలాది తల్లులకూ, భార్యలకూ సంబంధించినది.

1914 జులై ఆఖరున మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమయింది. కొద్ది వారాలలోనే వేలూ లక్షలుగా సైనికుల ఆచూకీ తెలియకుండా పోయింది. ఇంటికి వచ్చే కబురు ఒక్కటే, “జాడ తెలియలేదు” అని. ఆ మాటకు మూడు అర్థాలు. మనిషి చనిపోయి ఉండవచ్చు, గాయపడి ఏ ఆస్పత్రిలోనో ఉండవచ్చు, శత్రువుకు ఖైదీగా చిక్కి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏది నిజమో ఎవరిని అడగాలి? సొంత ప్రభుత్వానికి తెలియదు. తెలిసిన ప్రభుత్వం శత్రు ప్రభుత్వం, దానికి మామూలుగా ఉత్తరం వెళ్ళదు.

ఇటువంటి పరిస్థితి వస్తుందని పెద్దలు ముందే ఊహించకపోలేదు. యుద్ధం మొదలవగానే ప్రతి దేశం ఖైదీల వివరాలకు ఒక సమాచార కార్యాలయం తెరవాలని 1907 నాటి హేగ్ ఒడంబడికలోనే ఉంది. 1912లో వాషింగ్టన్‌లో జరిగిన రెడ్ క్రాస్ మహాసభ, ఆ దేశాల మధ్య జెనీవాలోని అంతర్జాతీయ కమిటీ మధ్యవర్తిగా ఉండాలని తీర్మానించింది. స్విట్జర్లాండు యుద్ధంలో ఏ పక్షానా చేరని దేశం. ఆ తీర్మానం ప్రకారం 1914 ఆగస్టు 21న జెనీవాలో ‘అంతర్జాతీయ యుద్ధఖైదీల ఏజెన్సీ’ ఏర్పాటయింది. కమిటీ అధ్యక్షుడు గుస్తావ్ అదోర్ దీనికి పెద్ద. ఈయనే తరువాత 1919లో స్విట్జర్లాండు దేశాధ్యక్షుడయ్యాడు.

కాగితం మీద ఏర్పాటు బాగానే ఉంది. మొదట పనిలోకి దిగినవారు కమిటీ సభ్యులు, వారి బంధుమిత్రులు, అంతే. ఉత్తరాలేమో రోజుకు వేల చొప్పున వచ్చిపడ్డాయి. మనలో తపాలా సెక్షనులో పనిచేసినవారికి ఆ దృశ్యం వేరే చెప్పనక్కరలేదు. పైగా ఉత్తరాలు ముందు వచ్చాయి, ప్రభుత్వాలు పంపవలసిన ఖైదీల జాబితాలు తరువాత వచ్చాయి. జాబితా లేకుండా జవాబు చెప్పేందుకు లేదు. కట్టలు కట్టలుగా పెండింగు పేరుకుపోయింది. అక్టోబరు నాటికి చోటు చాలక, నగరం వారి మ్యూజే రాత్ అనే కళాప్రదర్శనశాలలోకి ఏజెన్సీని మార్చారు. చిత్రపటాలు చూసే హాళ్ళలో బల్లలు వేసి, కార్డుల పెట్టెలు పేర్చారు.

ఊళ్ళోని జనం వచ్చి కూర్చున్నారు. విద్యార్థులు, పంతుళ్ళు, గృహిణులు, రిటైరైనవారు, ఎవరికి తీరిక ఉంటే వారు. ఎక్కువమంది స్త్రీలే. ఒక దశలో పన్నెండు వందల మంది వరకు పనిచేశారు. యుద్ధకాలం మొత్తం మీద లెక్క వేస్తే మూడువేలు దాటుతారు. కవర్లు చింపడానికొక జట్టు, దేశాలవారీగా వేరుచేయడానికొక జట్టు, కార్డులు వ్రాయడానికొక జట్టు, టైపు మిషన్ల దగ్గరొక జట్టు. ఫ్రెంచి సెక్షను, జర్మను సెక్షను, బ్రిటిష్ సెక్షను అని ఏ దేశానికి ఆ దేశంగా విభాగాలు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది వారి కార్డు పద్ధతి. ఒక తల్లి ఉత్తరం వస్తే అందులోని కొడుకు పేరు, రెజిమెంటు, ఆఖరుసారి కనిపించిన చోటు, అడిగినవారి చిరునామా ఒక కార్డు మీదికి ఎక్కుతాయి. ఇది ‘అడిగిన’ కార్డు. బెర్లిన్ నుంచో పారిస్ నుంచో ఖైదీల జాబితా వస్తే, అందులోని ప్రతి పేరుకూ ఇంకో కార్డు. ఇది ‘తెలిసిన’ కార్డు. రెండు రకాలనూ ఒకే పెట్టెలో, ఒకే అక్షరక్రమంలో పెడతారు. ఎప్పుడో ఒకనాడు ఒక మనిషికి సంబంధించిన రెండు కార్డులూ పక్కపక్కన చేరతాయి. దాన్ని వారు ‘కలయిక’ అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. కలయిక కుదిరిన రోజున ఇంటికి ఉత్తరం వెళుతుంది. కొత్త జాబితా ఎప్పుడు వచ్చినా పాత ప్రశ్న పెట్టెలో కనిపెట్టుకునే ఉంటుంది. ఎవరూ రిమైండరు పెట్టనక్కరలేదు. మన ఆఫీసుల్లో అర్జీ ఒక ఫైలులో, దానికి కావలసిన సమాచారం పక్క సెక్షనులో ఇంకో ఫైలులో ఏళ్ళ తరబడి నిద్రపోవడం చూసినవాణ్ణి గనుక నాకు ఈ ఏర్పాటు మీద అంత గౌరవం.

చెప్పినంత సులువుగా మాత్రం సాగలేదు. జర్మను పేర్లలో మేయర్ అన్న ఒక్క పేరునే నాలుగైదు విధాలుగా వ్రాస్తారు. ఫ్రాన్సులో మార్టిన్లకు కొదవ లేదు. గాయపడినవాడు శత్రువు ఆస్పత్రిలో గొణిగిన పేరును ఆ భాష రాని గుమాస్తా తనకు వినిపించినట్టు వ్రాసుకుంటాడు. అది చేతులు మారి టైపయ్యేసరికి అక్షరాలు ఇంకో రెండు మారతాయి. 1914 శరత్కాలానికే మన భారతీయ సైనికులు కూడా ఫ్రాన్సులో దిగారు. వారి పేర్లను ఇంగ్లీషు అక్షరాలలోకి దింపడం ఇంకో చిక్కు.

ఈ బాధ మన పింఛనుదారులకు బాగా తెలుసు. నేనెరిగిన ఒక ఆఫీసులో ఒకావిడ కుటుంబ పింఛను చాలాకాలం ఆగిపోయింది. భర్త సర్వీసు రిజిస్టరులో ఇంటిపేరు ముందు, బ్యాంకు పుస్తకంలో వెనుక. “అమ్మా, ఇది వేరే మనిషి పేరండీ” అన్నాడు కౌంటరులోని కుర్రవాడు. “నలభై ఏళ్ళు కాపురం చేశాను నాయనా, వేరే మనిషి ఎలా అవుతాడు?” అన్నదావిడ. జెనీవాలో ఆ కుర్రవాడి స్థానంలో ఉన్నవారు పేరొక్కదాన్నే పట్టుకు వేలాడలేదు. రెజిమెంటు, నంబరు, పుట్టిన ఊరు కలుస్తున్నాయేమో చూసేవారు.

జాబితాలలో ఎక్కడా దొరకని పేర్ల సంగతి ఏమిటి? దీనికి వారు చేసిన పని గొప్పది. జాడ తెలియనివారి పేర్లను రెజిమెంటులవారీగా అచ్చువేయించి, అదే రెజిమెంటుకు చెందిన ఖైదీలున్న శిబిరాలకు పంపారు. “వీరిలో మీరు ఎవరినైనా చూశారా? ఎక్కడ, ఏ స్థితిలో?” అని అడిగారు. పక్కన నిలబడి యుద్ధం చేసినవాడికే పక్కవాడి సంగతి తెలుస్తుంది కదా. వచ్చిన జవాబుల్లో చావు కబుర్లూ ఉండేవి. అవీ కార్డుల కెక్కాయి.

ఏమీ తెలియకపోతే ఆ మాటే వ్రాసి పంపేవారు. ‘సమాచారం లేదని తెలియజేయడమైనది’ అన్న అర్థంలో తేదీతో సహా కార్డు మీద గుర్తు వేసేవారు. మనవాళ్ళలో కొందరు ఇటువంటి కాగితాన్ని ‘లాడ్జి’ చేసి చేతులు దులుపుకుంటారు. తెలియదనే జవాబును కూడా ఉత్తరం వ్రాసి పంపిన సంస్థ ఇది. వచ్చిన ఆ కాగితాన్ని చూసి ఆ తల్లి ఏడ్చే ఉంటుంది. అయినా తన ఉత్తరం ఒకరు చదివారని, కొడుకు పేరు ఒకచోట నమోదయిందని ఆమెకు తెలిసింది.

ఒడంబడికలు సైనికుల గురించే చెప్పాయి. శత్రుదేశంలో చిక్కుపడిన మామూలు జనం, ఆక్రమిత గ్రామాలలోని ముసలివారు, పిల్లలు ఎవరి పద్దులోనూ లేరు. “ఇది మన పరిధిలోనిది కాదు” అనడానికి అన్ని హక్కులూ ఉన్నాయి. డాక్టర్ ఫ్రెడెరిక్ ఫెరియర్ అనే కమిటీ సభ్యుడు ఆ మాట అనలేదు. ఆ ఉత్తరాల పని తాను నెత్తిన వేసుకుని, పౌరుల విభాగం నడిపాడు. ఆయన దగ్గర స్వచ్ఛందంగా గుమాస్తా పని చేసినవారిలో రోమే రోలా ఒకరు. గాంధీగారి మీద, రామకృష్ణ పరమహంస, వివేకానందుల మీద గ్రంథాలు వ్రాసిన ఫ్రెంచి రచయితగా మన పెద్దలకు ఆయన సుపరిచితుడే. 1914 అక్టోబరు నుంచి కొన్ని నెలలపాటు ఆ మహారచయిత అపరిచితుల ఉత్తరాలు చదువుతూ, జవాబులు వ్రాస్తూ కూర్చున్నాడు. 1915 సంవత్సరపు నోబెల్ సాహిత్య బహుమతి వచ్చినప్పుడు ఆ సొమ్మును సేవా కార్యక్రమాలకే ఇచ్చివేశాడు.

ఇంకొకరిని తలచుకోవాలి. మార్గరీత్ క్రామర్ అనే చదువుకున్న యువతి ఏజెన్సీలో పనిచేస్తూ పైకి వచ్చి, 1918లో అంతర్జాతీయ కమిటీకే సభ్యురాలయింది. అంతవరకు ఆ కమిటీలో స్త్రీ ఎవరూ లేరు.

1923 వరకు సాగిన ఈ పనిలో తయారైన కార్డులు సుమారు డెబ్భై లక్షలు. ఇరవై లక్షల మంది ఖైదీల వివరాలు వాటిలో ఉన్నాయి. 1917లో అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీకి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. 1914 నుంచి 1918 వరకు మరెవరికీ ఆ బహుమతి ఇవ్వలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో మళ్ళీ ఇదే పని వచ్చిపడ్డప్పుడు చేతివ్రాతకు తోడుగా హోలెరిత్ యంత్రాలు వచ్చాయి. ఐ.బి.ఎం. అధిపతి వాట్సన్ వాటిని సమకూర్చాడు. అది వేరే కథ.

ఆ పాత కార్డుల భాండాగారాన్ని 2007లో యునెస్కో ‘ప్రపంచ స్మృతి’ జాబితాలో చేర్చింది. 2014 నుంచి వాటిని కంప్యూటరులో ఎవరైనా చూడవచ్చు. మన సభ్యుల ఇళ్ళలో ‘తాతగారి అన్నగారు ఆ యుద్ధంలో పట్టుబడ్డారట’ అన్న కథ ఏదైనా ఉంటే, మనవల చేత వెదికించవచ్చు. పేరు కొట్టగానే జవాబు వచ్చే ఏర్పాటు కాదది. అక్షరక్రమంలో కార్డుల బొమ్మలను ఒక్కొక్కటే తిప్పుకుంటూ వెళ్ళాలి. కార్డు దొరికితే దాని మీద ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరును బట్టి జాబితా పుటకు వెళ్ళాలి. పేరును కనీసం మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో చూడందే లేదని వదిలిపెట్టకండి. రెజిమెంటు పేరు ముందే తెలుసుకుని ఉంచుకుంటే సగం పని అయినట్టే.