గాడిదా గంధమూ: జంతువుల సామెతల్లో కులం లెక్క

బళ్ళో లెక్క తప్పితే పంతులు నోట ముందుగా వచ్చే మాట "గాడిదకేం తెలుసు గంధపు వాసన". వాడల నుంచి వచ్చి చదువుకున్న మాలో చాలామందిమి ఈ మాట పడ్డవాళ్ళమే. పక్కన కూర్చున్న పిల్లలు నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం. ఆ నవ్వు తెప్పించేది అక్షరాల జోడు. అందుకే అక్కడే మొదలుపెడదాం.

గాడిదకు గంధం, పందికి పన్నీరు: మొదటి అక్షరాలు కలుస్తాయి, యతి లాగా. ఎద్దుకు ముద్దు: రెండో అక్షరం కలుస్తుంది, ప్రాస. ఛందస్సు చదవనోళ్ళ చెవి కూడా దీన్ని ఇట్టే పట్టుకుంటది. సామెత నోట నిలిచేది ఇందువల్లనే. 1868లో కెప్టెన్ కార్ మద్రాసులో 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక' అచ్చు వేయించాక నోటి మాట పుస్తకం మాట కూడా అయింది.

"ఇందులో కులమేముంది? గంధానికి 'గ' కావాలి, గాడిద దొరికింది" అనొచ్చు ఎవరైనా. సరే, అక్షరమే కొలత అయితే గంగిగోవు ఇంకా బాగా కుదురుతుంది గదా! గంగిగోవుకు మాత్రం గంధం విలువ తెలుసా? అయినా జనం నోట నిలిచింది గాడిదే. అక్షరాన్ని చెవి ఎంచింది, జంతువును సమాజం ఎంచింది.

గాడిద ఎవరి జంతువు? చాకలి మూటలు, వడ్డెరల రాళ్ళు మోసింది. పందులు ఎరుకలోళ్ళ బతుకుదెరువు. మనుస్మృతి పదో అధ్యాయం 51వ శ్లోకం చండాలురను ఊరి బయట ఉండమంది, కుక్కలూ గాడిదలే వారి ఆస్తి అని శాసించింది. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వాన ఆ గ్రంథాన్ని తగలబెట్టారు. పుస్తకం కాలింది గానీ, అందులోని జంతువుల లెక్క తిట్లలో మిగిలే ఉంది.

ఇంకో సంగతి. ఈ గాడిద-గంధం పోలిక సంస్కృతంలో చాలా పాతది. సుశ్రుత సంహిత సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో ఉంది. గంధపు చెక్కలు మోసే గాడిదకు బరువే తెలుస్తుంది, గంధం తెలియదు. శాస్త్రాలెన్నో చదివి అర్థం గ్రహించనివాళ్ళూ అంతేనని అక్కడి తాత్పర్యం. అక్కడ గాడిద ఎవరు? శాస్త్రం బట్టీపట్టిన పండితుడు! మన బళ్ళో వినపడే సామెతలో మోత లేదు, బరువు లేదు. వాసన తెలియని గాడిద ఒక్కటే మిగిలింది. ఎత్తిపొడుపు పండితుడి మీంచి దిగి, చదువు అందనివ్వని వాళ్ళ మీదికెక్కింది.

మరి కష్టజీవుల చూపున్న సామెతలు లేవా? ఉన్నాయి. "ఎద్దు పుండు కాకికి ముద్దా?" కాడి ఒరిసి ఒరిసి మెడ పుండైతే కాకి వచ్చి పొడుస్తది. ఎద్దు వెంట నడిచినోళ్ళకే ఆ నొప్పి ఎరుక. "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" కూడా అంతే. ఆటాడే పిల్లిని చూసి ఊరుకోలేదు, ఎలుక ప్రాణాన్ని లెక్కలోకి తెచ్చింది. వీటిలోనూ అక్షరాల జోడు ఉంది. అది బాధపడేవాడి పక్కన నిలబడింది.

సామెతలను నిషేధించమని మేము అనడం లేదు. సామెతల పుస్తకాలు వేసేవాళ్ళు అర్థంతో పాటు ఈ చరిత్ర కూడా రాయాలంటున్నాం. బళ్ళో ఆ మాట విసిరే పంతులుకు సుశ్రుత సంహితలోని పాత పోలిక గుర్తుచేయాలంటున్నాం. తరతరాలుగా బరువు మోసినోళ్ళం మేము. వాసన తెలుసా అని మమ్మల్ని అడిగేముందు, మూట మా వీపున ఎత్తిందెవరో చెప్పండి.