శిక్షణ, శిక్ష: 1936 ఇంగ్లండు పర్యటన నుంచి లాలా అమర్‌నాథ్ తొలగింపు – ఒక పరిశీలన

'శిక్ష' అనే సంస్కృత పదానికి నేర్పడమన్నది మూలార్థం. తెలుగు వాడుకలో దండన అనే అర్థమే దానికి స్థిరపడి, నేర్పడమనే అర్థం 'శిక్షణ'కు మిగిలింది. ప్రతిభ, ఆవేశం రెండూ మెండుగా ఉన్న క్రీడాకారుని అదుపులో పెట్టవలసి వచ్చినప్పుడు ఈ రెండర్థాల మధ్య దూరం ఎంత పెరగగలదో 1936 నాటి ఇంగ్లండు పర్యటన చూపుతుంది. నేటి అర్థంలో కోచ్ అనేవాడు ఆనాటి జట్టుకు లేడు. క్రమశిక్షణ బాధ్యత కెప్టెన్, మేనేజర్లదే.

ఆ కెప్టెన్ విజయనగర రాజకుటుంబానికి చెందిన విజయానంద గజపతిరాజు. కుటుంబ వివాదాల వల్ల కాశీలో స్థిరపడి, క్రీడాపోషకుడిగా పేరు పొంది, 'విజ్జీ'గా ప్రసిద్ధుడయ్యాడు. మేనేజర్ మేజర్ బ్రిటన్ జోన్స్. భారతదేశపు తొలి టెస్టు కెప్టెన్, నాగపూరు తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు ఆ జట్టులో సాధారణ సభ్యుడు. కెప్టెన్‌కు హోదా ఉన్నా, ఆటలో ఆయనను మించిన వారు జట్టులో పలువురు ఉన్నారు. నాయకత్వంలోని అభద్రతకు మూలం ఇక్కడే ఉంది.

అమర్‌నాథ్ 1933 డిసెంబరులో బొంబాయిలో ఆడిన తొలి టెస్టులోనే 118 పరుగులు చేశాడు. భారతజట్టు తరఫున నమోదైన తొలి టెస్టు శతకం అదే. 1936 పర్యటనలో తొలి టెస్టుకు ముందే ఆరువందలకు పైగా పరుగులు, ముప్ఫైకి పైగా వికెట్లు సాధించాడు. జూన్‌లో లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ జట్టుతో జరిగిన ఆటలో ప్యాడ్లు కట్టుకొని సిద్ధంగా ఉన్న అతనిని ఆపి, ఇతరులను ముందుగా బ్యాటింగుకు పంపారు. ఆట ముగిసే వేళ అవకాశం వచ్చింది. తిరిగి వచ్చాక సామగ్రిని విసిరి, పంజాబీలో పరుషంగా మాట్లాడాడు. అతడు క్షమాపణ చెప్పినా, సీనియర్లు కలుగజేసుకున్నా నిర్ణయం మారలేదు. తొలి టెస్టుకు ముందే అతనిని స్వదేశానికి ఓడ ఎక్కించారు.

అమర్‌నాథ్ ప్రవర్తన తప్పే. కాని తీర్పు చెప్పిన కెప్టెన్ ఆ వివాదంలో స్వయంగా ఒక పక్షం. 1937లో బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ అధ్యక్షతన గల సంఘం అమర్‌నాథ్‌ను దోషవిముక్తుణ్ణి చేసింది. బ్యాటింగు క్రమాన్ని స్థిరంగా పాటించలేదని విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది. అంటే అమర్‌నాథ్ ఆగ్రహానికి కారణమైన లోపాన్నే విచారణ గుర్తించింది. కాని ఆ తీర్పు వచ్చేనాటికి సిరీస్ ముగిసి నెలలు గడిచాయి.

దండన పరిమాణాన్ని కూడా పరిశీలించాలి. లెక్కకు అతడు కోల్పోయినవి మూడు టెస్టులే. కాని ఆ తరువాత యుద్ధం కారణంగా 1946 వరకు భారతజట్టు టెస్టులు ఆడలేదు. ఆ యుద్ధాన్ని కెప్టెన్ ఊహించి ఉండడు. అయినా అవకాశాలు అరుదైన కాలంలో చిన్న నిషేధం సైతం పెద్ద దండన అవుతుందని ఊహించడానికి యుద్ధం రానక్కరలేదు.

అమర్‌నాథ్ స్వభావం దీనితో మారలేదు. 1949లో బోర్డు మళ్లీ క్రమశిక్షణ పేరిట అతనిపై చర్య తీసుకుంది. అతడే 1947-48లో స్వతంత్ర భారతజట్టుకు తొలి కెప్టెన్. 1952లో పాకిస్తాన్‌పై భారతదేశానికి తొలి సిరీస్ విజయాన్ని అందించిన కెప్టెన్ కూడా. దండన అతనిని సంస్కరించలేదు. బాధ్యత మాత్రం అతని ప్రతిభను జట్టుకు ఉపయోగపరిచింది.

దీనివల్ల ప్రతిభావంతునికి మినహాయింపు ఇవ్వాలని అర్థం కాదు. నియమం ముందుగా తెలిసి, అందరికీ సమానంగా వర్తించాలి. నియమాన్ని అమలుచేసేవాడు తన నడతనూ దానికి కట్టుబరచుకోవాలి. వివాదంలో పక్షమైనవాడు ఒంటరిగా తీర్పరి కారాదు. విచారణ దండనకు ముందే జరగాలి. దండన క్రీడాకారుడు తిరిగివచ్చే దారిని మూయరాదు. ఈ షరతులు లోపించినచోట క్రమశిక్షణ అనే మాట అధికారానికి ముసుగుగా మారుతుంది. విజ్జీని తెలుగువారి క్రీడాచరిత్రలో సగర్వంగా స్మరించేటప్పుడు ఈ అధ్యాయాన్ని విడిచిపెట్టడం చరిత్రకు న్యాయం కాదు.